కొవ్వు మాత్ర, డ్రిప్పు లైను

ముదిగుబ్బ తోట నుంచి
10 జూలై 2023

ఎర్రప్పన్నకు హనుమక్క దండాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వినపడకపోతే నువ్వు అరుస్తావు. నువ్వు అరిస్తే ఈడ నా చెవులు పోతాయి. అన్నాచెల్లెళ్లలో ఒకరికి పోయింది చాలు, అందుకే రాస్తాండా.

మీ బావ సంగతి. పోయిన వారం ఊర్లో డాక్టర్ల క్యాంపు పెట్టినారు. మా చంద్రిక వాళ్ల నాయన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఊరికే వస్తాదంటే మీ బావకు సూది కూడా తియ్యగుంటాది కాబట్టి పోయినాడు. రక్తం తీసి చూసినారు. షుగరు ఉండాదన్నారు. అది సరే, మా అత్తకూ ఉండె. దానిమీద కొవ్వు ఎక్కువుండాదన్నారు. అంతే, క్యాంపులో ఉన్నోళ్లంతా ఒకటే నవ్వు. "ఏమప్పా లింగన్నా, చొక్కా ఇప్పితే పక్కటెముకలు లెక్క పెట్టుకోవచ్చు, నీకు కొవ్వెక్కిందంట గదా!" అని.

ఈయనకు రోషం పొడుచుకొచ్చింది. "ఈ కరువు గడ్డన గొర్రెకే లేదే కొవ్వు, నాకు యాడ్నించి వచ్చె?" అని మాత్రల పొట్లం తీసి దూలం సందులో పెట్టేసినాడు. అది ఆడ్నే ఉండాది, బల్లి కాపలా కాస్తాండాది.

ఆ మాత్ర పేరు అటోర్వాస్టాటిన్ అంట. నీ గుండెలో స్ప్రింగు వేసినప్పట్నించి నువ్వు మింగేది కూడా అదేనని చంద్రిక చెప్పింది. నేను చెప్తే మీ బావ వినడు. డాక్టరమ్మ చెప్తే "మన చీనీచెట్టంత వయసు లేదు ఆ పిల్లకు" అంటాడు. నువ్వు చెప్తే వింటాడు. నీ మాటంటే ఆయనకు అంత గురి ఎందుకో నలభై ఏండ్ల కాపురంలో నాకు అంతుచిక్కలేదు.

ఎట్లన్నా చేసి ఆయన ఆ మాత్ర మింగేటట్ల చెయ్. నేనడిగేది అదొక్కటే.

చీనీకాయ, అదే టౌనోళ్ల బత్తాయి, ఈసారి సైజు బాగుండాది. రేటు అడగొద్దు.

హనుమక్క


కళ్యాణదుర్గం
19 జూలై 2023

చెల్లెలు హనుమక్కకు ఎర్రప్ప దీవెనలు.

నీ జాబు తడిసి చేరింది. అంటే ముదిగుబ్బకూ కళ్యాణదుర్గానికీ మధ్య ఎక్కడో వాన పడిందన్నమాట. ఎక్కడ పడిందో కనుక్కుని ఆ పొలం ఆసామికి దండ వేసి రావాలని ఉంది.

ముందు బావకు ఒక మాట చెప్పు. తిట్టులో ఉండే కొవ్వు వేరు, రక్తంలో ఉండే కొవ్వు వేరు. తిట్టులోది నడక చూస్తేనే కనపడుతుంది. ఇది కనపడదు. దీని పేరు కొలెస్ట్రాల్. ఇది విషమేమీ కాదు, ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన సరుకే. తిండి నుంచి వచ్చేది కొంచెం. ఎక్కువ భాగం కుడి పక్కటెముకల కింద కూర్చుని మన కాలేయమే తయారు చేస్తుంది. ఈ మనిషి లావా సన్నమా, పొట్టేలు తిన్నాడా సంగటి తిన్నాడా అని అది పెద్దగా విచారించదు. కొందరి కాలేయం మా మోటార్ వైండింగ్ షాపులో పనిచేసిన మల్లికార్జున లాంటిది. ఒక మోటారు చుట్టమంటే రెండు చుట్టి పెట్టేవాడు. ఎందుకప్పా అంటే "చెయ్యి ఆగలేదన్నా" అనేవాడు.

అట్లా ఎక్కువైన సరుకు రక్తనాళాల గోడల్లో చేరి గార కడుతుంది. దారి సన్నబడుతుంది. ఒకరోజు ఆ గార పగిలి, అక్కడ రక్తం గడ్డ కట్టిందంటే దారి మూసుకుపోతుంది. గుండె దగ్గరైతే నాకొచ్చినట్టు గుండెపోటు, తలలో అయితే పక్షవాతం. షుగరు ఉన్నవాళ్లకు, బీడీ కాల్చేవాళ్లకు ఆ రోజు తొందరగా వస్తుంది. బావకు రెండూ ఉన్నాయి. నాలాగా ఒకసారి దెబ్బ తిన్నవాళ్లకు రెండోది రాకుండా, బావలాంటి వాళ్లకు మొదటిదే రాకుండా ఈ మాత్ర ఇస్తారు. అది కాలేయంలో ఆ తయారీకి అడ్డం పడుతుంది. సరుకు చాలక కాలేయం రక్తంలో తిరుగుతున్న దాన్నే లోపలికి లాక్కుంటుంది. వేసుకున్నందుకు నొప్పి తగ్గదు, బలం రాదు. ఏమీ జరగకుండా చూడటమే దాని పని.

ఇదంతా బావ తలకెక్కదు. ఆయనకు ఇట్లా చెప్పు. మన బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. డ్రిప్పు పైపుల్లో సున్నం గారకట్టి నీటిబొట్టు దిగదు. చెట్టు ఎండుతుంది. అప్పుడేం చేస్తాడు? యాసిడ్ కలిపిన నీళ్లు లైన్లోకి వదిలి, ఒక పూట నిలబెట్టి, చివర మూతలు తీసి కడుగుతాడు. ఈ మాత్ర ఒంటి లైన్లకు యాసిడ్ అనుకోమను. కళ్లు మూసుకుని మింగుతాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నాకు మాత్ర ఇచ్చిన కొత్తలో దాని కాగితంలో గ్రేప్‌ఫ్రూట్ తినరాదని చదివినాను. గ్రేప్ అంటే ద్రాక్ష, ఫ్రూట్ అంటే పండు, ఇందులో పండితుణ్ణి అడిగేదేముంది? ద్రాక్షపండు మానేసినాను. పెండ్లిండ్లలో పండ్ల తట్ట వస్తే మొహం తిప్పుకున్నాను. ఒకాయన ఇంటికి తెచ్చిస్తే ఆయనకే తిరిగిచ్చి పంపి శత్రుత్వం తెచ్చుకున్నాను. రెండేండ్ల తర్వాత మందుల షాపు వెంకటేశులు నవ్వి, అది ద్రాక్ష కాదు పెద్దాయనా, పంపరపనస జాతి పండు, మన దిక్కు దొరకదు అన్నాడు. ఆ రోజే కిలో ద్రాక్ష కొని బజార్లోనే నిలబడి తిన్నాను. కాబట్టి బావను ద్రాక్ష తిననివ్వు. కండలు విపరీతంగా నొప్పులు పెడితే మటుకు డాక్టరమ్మకు చెప్పమను.

మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలనేది ఇంకో కథ. ఇన్‌ల్యాండ్ కాయితం అయిపోయింది. మడతపెట్టే అంచు మీద రాస్తున్నాను. అది వచ్చే జాబులో రాస్తా. ఇట్లు
ఎర్ర


ముదిగుబ్బ తోట
6 ఆగస్టు 2023

అన్నకు దండాలు.

నీ పేరు సగమే పట్టింది కాయితంలో. చంద్రిక చూసి "మామకు కోపమొచ్చి ఎర్రబడినాడేమో" అనింది.

నీ జాబు చెట్ల కింద కూర్చోబెట్టి మీ బావకు చదివినా. కాలేయం కాడ ఆవలించినాడు. మల్లికార్జున కాడ నవ్వినాడు. డ్రిప్పు లైను కాడికి వచ్చేసరికి లేచి నిలబడినాడు! "చూస్తివా, ఇదీ చెప్పడమంటే. ఆ పిల్ల డాక్టరు ఈ ముక్క ముందే చెప్పింటే నేను కాదంటానా?" అని, ఆయనే నిచ్చెన వేసుకుని దూలం సందులో పొట్లం తీసినాడు. బల్లి దిగులు పడింది.

ఇప్పుడు రోజూ రాత్రి సంగటి తిన్నాక ఒకటి. మాత్ర అనడు, యాసిడ్ అంటాడు. "మే, యాసిడ్ తే" అని కేక పెడతాడు. మొన్న పక్కతోట మారెక్క విని, మొగుడూ పెండ్లాలు ఏం చేసుకుంటాండారో అని పరుగెత్తుకొచ్చింది.

నీకు పుణ్యముంటాది. ద్రాక్షపండు రెండేండ్లు మానేసిన మొనగాడివి అయినా, ఈ పని బాగా చేసినావు.

హనుమక్క


కళ్యాణదుర్గం
2 సెప్టెంబర్ 2023

హనుమక్కా,

నీ జాబు చదివి ఒక ముద్ద ఎక్కువ తిన్నాను. డాక్టర్లకు చదువుంటుంది గాని పోలిక ఉండదు. పోలిక లేని మాట పదును లేని కొడవలి. ఈ ముక్క నా షాపు గోడ మీద రాయించుకోవలసింది, షాపు మూసేసిన తర్వాత తట్టింది.

పోలిక అంటే గుర్తొచ్చింది. నేను బోరు లారీ మీద పని చేసేటప్పుడు, అంటే ఈ చెవులు పోవడం మొదలైన రోజుల్లో, మడకశిర దిక్కున ఒక కన్నడ ముసలాయన నీళ్లు చూసేవాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరిగి, అది నిలబడిన చోట తవ్వమనేవాడు. తవ్వితే దుమ్మే. రైతు ఏడుస్తుంటే ఆయన నిదానంగా అనేవాడు: "నీళ్లు ఇక్కడ లేవని తెలిసింది కదప్పా, ఇది మాత్రం తక్కువ విషయమా?" అట్లా ఏడు బోర్లు వేయించినాడు. అయినా జనం ఆయన్నే పిలిచేవాళ్లు. మాట అంత బాగుండేది.

నీకేదో రాస్తానని బాకీ పడినాను, ఏమిటో గుర్తు రావడం లేదు. గుర్తొచ్చినప్పుడు రాస్తా. బావకు బీడీలు తగ్గించమను.

ఎర్రప్ప (ఈసారి పూర్తిగా)


ముదిగుబ్బ తోట
8 జనవరి 2024

అన్నకు హనుమక్క దండాలు.

శానా దినాలాయె రాసి. నడుమ కాయ కోతలు. కూలోళ్లు దొరకక చంద్రిక కూడా సెలవు పెట్టి గంప మోసింది.

మంచి సంగతి. మీ బావకు మళ్లీ రక్తం చూపించినాం. కొవ్వు బాగా దిగిందంట. డాక్టరమ్మ మెచ్చుకుని ఇంకా ఏందో చెప్తాండె, ఈయన బయటికి వచ్చేసినాడు, బస్సు పోతాదని. బస్టాండులో అందరికీ ఆ కాయితం చూపించినాడు. క్యాంపులో నవ్వినోళ్ల ఇండ్లకు పోయి మరీ చూపించినాడు.

కాయ దిగినాక చెట్లను బెట్టకు వదిలినాం. నీళ్లు బంద్. మీ బావ యాసిడ్ కూడా ఆపేసినాడు. లైన్లు శుభ్రంగా ఉండాయి, ఇంక వేసేది దండగ, ఉగాది దాటినాక మళ్లీ ఒక విడత చూస్తాంలే అంటాడు. మా అన్ననడిగి చెప్తా, అంతవరకు నేను ఊ అనను అన్నా. ఏమంటావు?

హనుమక్క


కళ్యాణదుర్గం
17 జనవరి 2024

హనుమక్కకు దీవెనలు.

రిపోర్టు సంగతి విని సంతోషం. బావ ఇండ్లిండ్లకూ తిరిగి చూపించినాడంటే నవ్వొచ్చింది. పెండ్లిపత్రిక పంచినప్పుడు కూడా ఇంత శ్రద్ధగా తిరగలేదు కదే ఆయన.

యాసిడ్ ఆపి మంచి పని చేసినాడు. లైన్లు శుభ్రంగా ఉన్నప్పుడు యాసిడ్ వదలడం పైపుకూ మంచిది కాదు, వేరుకూ మంచిది కాదు. నా షాపుకు మోటార్లు తెచ్చే ఎర్రగుంట ఆసామి ఒకడు, మంచిదంటే ఇంకా మంచిదని నెలనెలా పోసి దానిమ్మ వేర్లు కాల్చుకున్నాడు. ఉగాది దాకా ఆగమను. మళ్లీ వేసేటప్పుడు యాసిడ్‌ను నీళ్లలో పొయ్యాలి గాని నీళ్లను యాసిడ్‌లో పొయ్యరాదు, ఎగజిమ్ముతుంది, జాగ్రత్త. ఆయనకు తెలియదని కాదు. తెలిసినవాళ్లకు చెప్పడంలో నాకొక తృప్తి.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. నా చెవి మిషను ఈల వేస్తుంటే కుక్కలు వెంట వస్తున్నాయి. తీసి పెట్టెలో పెట్టినాను.

ఎర్రప్ప


ముదిగుబ్బ తోట
27 మార్చి 2024

అన్నా,

శివరాత్రి మర్నాడు పొద్దున్నే తోటలో గేటు వాల్వు తిప్పుతా తిప్పుతా మీ బావ పడిపోయినాడు. చంద్రిక నీకు అంతవరకు చెప్పింది. మిగిలింది నేను రాస్తాండా.

అనంతపురం ఆస్పత్రిలో పన్నెండు దినాలుండి ఇంటికొచ్చినాం. కుడిచెయ్యి, కుడికాలు రావడం లేదు. మాట లేదు. తలలో నరం మూసుకుపోయిందన్నారు.

నువ్వు ఆస్పత్రికి వచ్చినావంట. వరండాలో చంద్రికను ఏం జరిగిందని అడిగినావంట. నీకు వినపడదని అది కాయితం మీద రాసి చూపించిందంట, "రెండు నెలలుగా మాత్ర మానేసినాడు, లైన్లు కడిగేసినా గదా అని" అని. నువ్వు అది చదివి, ద్రాక్షపండ్ల సంచి దాని చేతిలో పెట్టి, లోపలికి రాకుండానే పోయినావంట. నేను పది అడుగుల దూరంలో ఉన్నా, అన్నా. నన్ను కూడా చూడలేదు నువ్వు.

అక్కడి డాక్టరు నన్నడిగినాడు, మాత్ర ఎందుకు ఆపినారమ్మా అని. లైన్లు శుభ్రమైనాయి కదా సార్ అన్నా. ఆయన నా మొహం చూసినాడు. రిపోర్టు బాగుండేది మాత్ర వేసుకుంటాండబట్టేనమ్మా, ఆపితే కొన్ని వారాల్లోనే మళ్లీ మొదటికొస్తాది అన్నాడు. వేసుకుంటే ఇది రాకుండా ఉండేదా అని అడిగినా. చెప్పలేము, షుగరూ బీడీలూ ఉండాయి, వేసుకున్నా కొందరికి వస్తాది, అయినా ఆపకుండా ఉండాల్సింది అన్నాడు.

ఇంటికొచ్చి నీ జాబులు తీసి చూసుకున్నా. "మంచి పని చేసినాడు" అని రాసినావు. "ఉగాది దాకా ఆగమను" అని రాసినావు. నేను అది మీ బావకు చదివి వినిపించినా. "చూస్తివా, మీ అన్న కూడా సరేనన్నాడు" అన్నాడు.

నీకు తెలుసు కదా అన్నా, నువ్వే మింగుతాండావు కదా ఆరేండ్ల నుంచి. నువ్వు ఒక్కనాడన్నా ఆపినావా? మరి ఎందుకట్ల రాసినావు?

హనుమక్క


కళ్యాణదుర్గం
3 ఏప్రిల్ 2024

హనుమక్కా,

ఈ జాబు నాలుగుసార్లు మొదలుపెట్టినాను. నాలుగుసార్లూ ఏదో ఒక కథతో మొదలైంది. చించేసినాను.

నువ్వు జనవరిలో రాసిన యాసిడ్‌ను నేను డ్రిప్పు యాసిడ్ అనుకున్నాను. అంతే. దాని ముందు వాక్యంలో చెట్లు, బెట్ట, నీళ్లు బంద్ అని ఉంది. పైపుల సంగతి అనుకున్నాను. పైపుల గురించే జవాబు రాసినాను. బావ మాత్రను యాసిడ్ అని పిలుస్తాడని నువ్వు ఆగస్టులోనే రాసినావు, అది చదివి నేను పొంగిపోయినాను. పొంగిపోయిన మాట గుర్తుంది, ఎందుకు పొంగినానో జనవరికి మర్చిపోయినాను.

చంద్రిక రాసిన ఆ ఒక్క వాక్యం చదవగానే నాకు అన్నీ అర్థమైనాయి. లోపలికి వచ్చి ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? నాకు గట్టిగా తప్ప మాట్లాడటం రాదు. ఆ వార్డులో మెల్లగా చెప్పుకోవలసిన మాటను అరిచి ఎట్లా చెప్పేది?

ఆ పోలికే తప్పు. యాసిడ్ పాత గారను ఒక్కసారి కడిగేస్తుంది, ఆ తర్వాత నెలల తరబడి దాని పని ఉండదు. మాత్ర అట్లా కాదు. కాలేయం రోజూ తయారు చేస్తుంది, మాత్ర రోజూ అడ్డం పడాలి. ఈ రోజు మాత్ర ఈ రోజుకే. డ్రిప్పుతోనే చెప్పాలనుకుంటే, బోరు దగ్గర ఉండే ఫిల్టరు అనాల్సింది. నీళ్లు తేటగా వస్తున్నాయి కదా అని ఫిల్టరు ఊడబీకేవాడు ఈ జిల్లాలో ఉన్నాడా? ఫిల్టరు అని ఉంటే బావ చచ్చినా తీసేవాడు కాదు. యాసిడ్ అన్నాను. అది చెవికి బాగుంది కాబట్టి అన్నాను.

నీకు బాకీ పడినది ఏమిటో ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటి జాబు చివర, మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలనేది రాయడానికి కాయితం లేదన్నాను. ద్రాక్షపండ్ల కథకు జాగా ఉండింది. "రోజూ" అనే మాటకు లేకపోయింది. తర్వాత జాబులో కాయితం నిండా జాగా ఉంది. దాన్ని టెంకాయ ముసలాయనకు ఇచ్చినాను.

నేను రాలేను హనుమక్కా. బావకు నా మొహం చూపించలేను.

ఎర్రప్ప


ముదిగుబ్బ తోట
12 ఏప్రిల్ 2024

అన్నా,

నీ తప్పు లేదు అని రాస్తానని చూస్తాండావేమో, రాయను. ద్రాక్షపండు నువ్వు తప్పుగా చదివితే నష్టం నీ నోటికి. ఇది మా ఇంటికి.

అట్లని అంతా నీదే అననులే. నేను మాత్ర అని రాసింటే సరిపోయేది. మీ బావ మాటే రాసినా, చదివి నువ్వు నవ్వుతావని. ఆయన బస్సు పోతాదని డాక్టరమ్మ మాట సగంలో వదిలి లేచొచ్చె. నేను ఆయన్ని ఆడ్నే కూర్చోబెట్టకపోతి. ముగ్గురం కలిసి చేసుకున్నాం, నువ్వొక్కనివే దాన్ని ఎత్తుకుని పారిపోతే ఎట్ల?

ఇప్పుడు అసలు కత విను. మీ బావకు ఒక మాట వచ్చింది. ఒకటే. యాసిడ్. నీళ్లు కావాలన్నా అదే, ఆకలన్నా అదే, చంద్రికను పిలవాలన్నా అదే. తల దిండు మీద సరిగా లేకపోయినా అదే. దెబ్బ తగిలినాక కొందరికి ఒక్క మాటే పట్టుకుంటాదంట, ఎందుకో డాక్టర్లకే తెలీదంట. ఆయన మటుకు వేరే ఏందో అంటాండాననే అనుకుంటాడు. మనకు అర్థం కాకపోతే కోపం. మారెక్క మొన్న విని, ఈసారి పరుగెత్తుకు రాలేదు. గేటు కాడ నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు మళ్లీ అదే మాత్ర రాసిచ్చినాడు, మూడు నాలుగు వేరే మాత్రలతో. మిగిలినవన్నీ మింగుతాడు. ఆ తెల్లమాత్ర చూస్తే నోరు బిగిస్తాడు. ఎడమచేత్తో వాల్వు మూసినట్టు తిప్పి చూపిస్తాడు. అంటే లైన్లు కడిగింది అయిపోయింది, ఉగాది దాకా వద్దని నువ్వు చెప్పినావు కదా అని. ఉగాది మొన్ననే పోయిందని చెప్తే నమ్మడు. చంద్రిక బతిమలాడింది. నేను తిట్టినా. సంగటిలో పెట్టినా, నాలుకతో వెదికి బయటికి తోసినాడు. ఇప్పుడు ఆపితే రెండోది వస్తాదని డాక్టరు చెప్పినాడు. రెండోది వస్తే ఆ ఒక్క మాట కూడా ఉండదు.

ఆయన లోకంలో ఒక్కరి మాటే వింటాడు. ఆ ఒక్కడు ముదిగుబ్బకు రానని కళ్యాణదుర్గంలో మూల కూర్చోనుండాడు.

నీకు వినపడదు. ఆయనకు మాట రాదు. నాకు తెలిసి మీ ఇద్దరికీ ఇంతకంటే మంచి జోడు దొరకదు. బస్సెక్కు.

హనుమక్క


కళ్యాణదుర్గం
21 ఏప్రిల్ 2024

చెల్లెలు హనుమక్కకు,

బస్సు ఆలస్యమైనా ఇల్లు చేరినాను. నువ్వు కట్టిచ్చిన చీనీకాయల్లో రెండు దారిలోనే అయిపోయినాయి.

నువ్వు పొయ్యి దగ్గర ఉన్నప్పుడు లోపల ఏం జరిగిందో నీకు చెప్పకుండా వచ్చేసినాను. నేను చెబితే అరిచినట్టే ఉంటుంది, మంచం మీద ఆయన వింటాడు. అందుకే ఇది జాబులో.

నేను బస్సులో మూడు పోలికలు తయారు చేసుకున్నాను. ఫిల్టరు ఒకటి. ఇంకో రెండు ఇంకా బాగున్నాయి, నీకు చెప్పను. ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఎంత చిన్నగా అయినాడే! క్యాంపులో వాళ్లు లెక్కపెట్టుకోవచ్చన్న పక్కటెముకలు దుప్పటి మీద నుంచే కనపడుతున్నాయి. ఒక్క పోలికా నోటికి రాలేదు. "బావా, నేను చెప్పింది తప్పు. ఇది యాసిడ్ కాదు. రోజూ వేసుకోవాలి. బతికినన్నాళ్లు" అన్నాను. ఇంత చిన్న మాట. జూలైలో ఆ కాయితం అంచు మీద కూడా పట్టేది.

ఆయన నన్నే చూస్తున్నాడు. తర్వాత నోరు కదిలించినాడు.

చెవులు పోయినప్పటి నుంచి నేను మనుషుల పెదాలు చూసి బతుకుతున్నాను. అందులో నాకు ద్రాక్షపండంత పొరపాటు ఎప్పుడూ రాలేదు. బావా అనాలంటే మొదట రెండు పెదాలూ కలవాలి. కలవకుండా ఎవడూ ఆ మాట అనలేడు. కలుస్తాయేమోనని నేను కండ్లార్పకుండా చూసినాను.

కలవలేదు.

ఆ మాటే అన్నాడు. నన్ను పిలిచినాడో, తిట్టినాడో, నీళ్లే అడిగినాడో తెలియదు. రెండోసారి అన్నాడు. నేను "ఊ, చెప్పు బావా" అని పలికినాను.

అప్పుడు నోరు తెరిచినాడు. మాత్ర నాలుక మీద పెట్టి, నీళ్లు తాగించినాను. మింగినాడు. నువ్వు గంజి తీసుకుని లోపలికి వచ్చింది ఆ తర్వాత.

ప్రతి ఆదివారం మొదటి బస్సుకు వస్తాను. నడుమ రోజుల్లో నువ్వు వెయ్యి. వెయ్యనిస్తాడు.

ఈ కాయితంలో ఇంకా సగం జాగా మిగిలింది. మిగలనీ.

ఎర్రప్ప